బ్రౌజర్ వేగం గురించి సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. ఫైర్‌ఫాక్స్‌లో పైప్‌లైనింగ్ విలువలను మారిస్తే నెట్ వేగం పెరుగుతుందన్న పాత చిట్కా మన గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. సైటు నుంచి మొదటి జవాబు రాకముందే బ్రౌజర్ తన తరువాతి అభ్యర్థనలను అదే కనెక్షన్ మీద వరుసగా పంపడమే పైప్‌లైనింగ్. బ్రౌజర్లు, సైట్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతికి 2015లో కొత్త ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ/2 ఆ పనిని అంతకన్నా మెరుగ్గా చేస్తున్నందున, ఫైర్‌ఫాక్స్ 2017లోనే ఆ సదుపాయాన్ని తొలగించింది. ఇప్పుడు ఆ అంకెలతో కుస్తీ పట్టడం వృథా శ్రమ.

నిజంగా తేడా తెలిసేది ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాముల) దగ్గర. ఎప్పుడో ఒకసారి అవసరమై పెట్టుకున్న కూపన్ల ఎక్స్‌టెన్షన్, వ్యాకరణం సరిచూసే ఎక్స్‌టెన్షన్ వంటివి మనం తెరిచే దాదాపు ప్రతి పేజీలోనూ తమ కోడ్‌ను నడుపుతాయి గనుక, వాడనివాటిని దయచేసి తీసివేయండి. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌లలో, క్రోమ్ సెట్టింగ్స్‌లోని పర్ఫార్మెన్స్ విభాగానికి వెళ్లి మెమరీ సేవర్‌ను ఆన్ చేస్తే, ఊరికే తెరిచి ఉంచిన ట్యాబ్‌లు పట్టుకున్న మెమరీ విడుదలై, చూస్తున్న పేజీ చురుగ్గా పనిచేస్తుంది. ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన సైట్లను అక్కడే మినహాయింపుల్లో చేర్చుకోవచ్చు.

క్యాష్‌ను, అంటే చూసిన పేజీల నుంచి బ్రౌజర్ మన కంప్యూటర్‌లో దాచుకునే ఫైళ్లను, రోజూ తుడిచేయడం మంచిదని కొందరు సభ్యులు భావిస్తున్నారు. అలా చేస్తే బ్రౌజర్ దాచుకున్న బొమ్మలు, స్క్రిప్టులు మళ్లీ మొదటి నుంచి డౌన్‌లోడ్ కావాల్సి వస్తుంది కాబట్టి, ఏదైనా సైటు సరిగా కనబడనప్పుడు మాత్రమే ఆ పని చేయండి.