పల్లె ఎంపీ పనిని కాగితాల్లో వెతకండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, తెలుగు పత్రికలు ఎంపీల ప్రగతి పత్రాలు వేస్తాయి. హాజరు ఇంత శాతం, అడిగిన ప్రశ్నలు ఇన్ని, ఖర్చయిన ఎంపీ నిధులు ఇన్ని కోట్లు అని. చెన్నైలో కాపురం ఉంటూ చిత్తూరు, నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో ఇంకా పొలాలున్న తెలుగువాళ్ళు ఆ పేజీని శ్రద్ధగానే చదువుతారు. కానీ పల్లె నియోజకవర్గం సభ్యుడు ఏం చేశాడో ఆ మూడు అంకెలు చెప్పలేవు. ఊళ్ళో ఒక సర్వే నంబరుకు వచ్చిన చిక్కు ఢిల్లీలో ఏ కాగితం మీదికి, ఏ మాటల్లో ఎక్కిందో చూస్తే తెలుస్తుంది.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. అది మొదలైంది మన మద్రాసులోనే. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. కమతాలన్నీ కలిపి ఉమ్మడిగా సాగు చేయాలన్నది దాని సారం. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా, ఒకప్పుడు ఇక్కడి పచ్చయప్ప కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పిన ఆచార్యులు, ఆ తీర్మానం మీద కాంగ్రెస్‌ను వదిలేశారు. అదే ఏడాది జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. రాజాజీ దాని పెద్ద దిక్కు, రంగా తొలి అధ్యక్షుడు. 1962లో అనంతశయనం అయ్యంగార్ బిహార్ గవర్నరుగా వెళ్ళడంతో ఖాళీ అయిన చిత్తూరు స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. రంగా అక్కడ గెలిచి మళ్ళీ లోక్‌సభలో అడుగుపెట్టారు.

స్వతంత్ర పార్టీది మితవాదం, అంటే రైటిస్టు రాజకీయం. మితవాది అనగానే ఈ రోజుల్లో గుడి, ఆచారం గుర్తొస్తాయి. రంగా మితవాదం మాత్రం రైతు పట్టా చుట్టూ తిరిగింది. ఆ కాలంలో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ చూడండి. భూసంస్కరణల చట్టాలను కోర్టులు కొట్టేయకుండా కాపాడే 31ఎ అధికరణ అప్పటిదాకా ప్రధానంగా జమీందారీ తరహా ఎస్టేట్లకే వర్తించేది. కేరళలోని కాసరగోడు, హోస్‌దుర్గ్ తాలూకాల రైత్వారీ భూములు (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే భూములు) ఎస్టేటు కిందికి రావని 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ‘ఎస్టేటు’ అన్న మాటలోకి రైత్వారీ పట్టా భూమిని కూడా చేరుస్తూ ప్రభుత్వం సవరణ తెచ్చింది. మద్రాసు రాష్ట్రంలోనైనా, ఆంధ్రలోనైనా మామూలు రైతు చేతిలో ఉన్నది రైత్వారీ పట్టాయే కదా. జమీందారును ఉద్దేశించిన మాటలోకి అయిదెకరాల రైతు వచ్చి పడ్డాడు. స్వతంత్ర పార్టీ లోక్‌సభలో గట్టిగా ఎదిరించింది అందుకే.

తర్వాత జరిగిన ముచ్చట పార్లమెంటు లెక్కలు తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే చాలదు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఓటెయ్యాలి. 1962 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 361 సీట్లు. అయినా 1964 ఏప్రిల్‌లో ఈ బిల్లు ఆ రెండో లెక్క దగ్గర పడిపోయింది. ఎదిరించినవాళ్ళు కొద్దిమందే, అధికార పక్షం బెంచీలే సరిపడా నిండలేదు. హాజరు శాతానికి నిజంగా విలువ వచ్చేది ఇలాంటి రోజునే. బిల్లును మళ్ళీ తెచ్చి జూన్‌లో నెగ్గించారు.

ఆ సవరణలోనే 31ఎకు ఒక మినహాయింపు వాక్యం చేరింది. స్వయంగా సాగు చేసుకునే రైతు భూమి గరిష్ఠ పరిమితి లోపల ఉంటే, మార్కెట్ విలువకు తగ్గని పరిహారం ఇవ్వకుండా దాన్ని తీసుకోకూడదని దాని అర్థం. ఇప్పటికీ అది రాజ్యాంగంలో ఉంది. లోపం కూడా అందులోనే ఉంది. ‘స్వయంగా సాగు’ అన్న మాట నీడలో పట్టాదారు నిలబడ్డాడు, కౌలురైతు నిలబడలేదు. మితవాద రైతు రాజకీయాలు పట్టా లేనివాణ్ణి ఎప్పుడూ ఆలస్యంగానే చూశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందం ఇచ్చింది, దానికీ యజమాని సంతకం కావాలన్నది.

అదే చిత్తూరు ఈ కాలంలో ఎలా ఉందో చూద్దాం. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే 262 కిలోమీటర్లు. హొసకోట దగ్గర మొదలై పలమనేరు, చిత్తూరు ప్రాంతాల మీదుగా వచ్చి శ్రీపెరుంబుదూరు దగ్గర దిగుతుంది. ఇలాంటి రోడ్లకు భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. అందులోని 3ఎ సెక్షన్ ప్రకటనతో సర్వే నంబర్లు బయటికొస్తాయి. 3సి కింద అభ్యంతరాలు చెప్పుకోవాలి. 3డి గెజిట్ వెలువడిన రోజున భూమి కేంద్రానిదైపోతుంది. 3ఎ తర్వాత ఏడాదిలోగా 3డి రాకపోతే ఆ 3ఎ చెల్లదు. 3జి కింద అధికారి పరిహారం తేలుస్తాడు, 3హెచ్ కింద డబ్బు జమ అవుతుంది. లెక్క నచ్చకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలి. ఆ మధ్యవర్తి చాలా చోట్ల జిల్లా కలెక్టరే. ఆయన బల్ల మీద మిగతా జిల్లా పని అంతా ఉంటుంది కాబట్టి ఫైలు కదలదు.

2015 జనవరి 1 నుంచి పరిహారం లెక్క 2013 భూసేకరణ చట్టం ప్రకారమే. రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఒకటి తీస్తారు. గత మూడేళ్ళలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులు తీసుకుని, వాటి సగటు ఇంకొకటి. రెండిట్లో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. పల్లె భూమి అయితే దాన్ని 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో హెచ్చిస్తారు, చెట్లు, బావి, బోరు, కట్టడాల విలువ కలుపుతారు, వచ్చిన మొత్తానికి సమానంగా సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) ఇస్తారు. ఎకరా 10 లక్షలు, గుణకం 1.25, మామిడి చెట్లు, బోరు కలిపి 2 లక్షలు అనుకుందాం. 12.5కు 2 కలిపితే 14.5 లక్షలు, సొలేషియంతో 29 లక్షలు. జాయింట్ కొలతల రోజున చెట్ల లెక్కలో లక్ష రూపాయల విలువ తప్పిందంటే రైతుకు పోయేది రెండు లక్షలు.

తేడా వచ్చేది ఎక్కడంటే, స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఊరివాళ్ళే దస్తావేజుల్లో ధర తగ్గించి రాసుకుని ఉంటారు. ఆ తగ్గించిన ధరే వాళ్ళకు ఎదురు తిరుగుతుంది. ఇంకోటి, పట్టా ఇంకా తాతగారి పేరిటే ఉంటుంది. రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్ మార్చుకోకుండా అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని ఉంటారు. డబ్బు ఎవరికన్న తగాదా రాగానే అది 3హెచ్ కింద సివిల్ కోర్టుకు పోతుంది. అన్నదమ్ముల్లో ఒకరు శ్రీపెరుంబుదూరులోనో అంబత్తూరులోనో ఉద్యోగం చేస్తూ ఊరికి వెళ్ళకపోతే సంతకం కోసమే నెలలు గడుస్తాయి.

ఇక ఎంపీ ఏం చెయ్యాలి? ‘చిత్తూరు జిల్లాలో ఎక్స్‌ప్రెస్‌వే రైతులకు న్యాయం చేయడానికి ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంది’ అని అడిగితే సభలో ప్రశ్నల సంఖ్య ఒకటి పెరుగుతుంది. చట్ట ప్రకారం చర్యలు తీసుకుంటున్నామన్న జవాబు వస్తుంది. పనికొచ్చే ప్రశ్న వేరే రకం. ఫలానా జిల్లాలో 3డి అయిన విస్తీర్ణం ఎంత, 3జి అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) తేదీలు గ్రామాలవారీగా ఏవి, అవార్డు అయ్యాక 3హెచ్ కింద జమ కాని మొత్తం ఎంత, ఏడాది దాటిన మధ్యవర్తిత్వ కేసులెన్ని, అదనపు మధ్యవర్తిని పెట్టే ప్రతిపాదన ఉందా. ఇదంతా 150 మాటల లోపు ఇమడాలి. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అభిప్రాయం అడగకూడదు, రాష్ట్రానికి చెందిన విషయం అడగకూడదు. జాతీయ రహదారి కేంద్రానిదే గనుక ఈ ప్రశ్న నిలుస్తుంది. అదే రైతు పొలానికి కాలువ నీళ్ళ సంగతి అడిగితే, నీరు రాష్ట్రాల అంశమన్న ఒక్క ముక్కతో తోసేస్తారు.

లోక్‌సభలో రోజుకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పే నక్షత్ర ప్రశ్నలు 20, రాతపూర్వక ప్రశ్నలు 230. నక్షత్ర ప్రశ్న వస్తే లేచి అనుబంధ ప్రశ్న వెయ్యవచ్చు, కానీ చాలా రోజుల్లో గంట పూర్తయ్యేసరికి జాబితాలో సగం కూడా రావు. అందుకే గ్రామాలవారీ లెక్క కావాలనుకునే సభ్యుడికి రాతపూర్వక ప్రశ్నే మేలు. జవాబుతో పట్టిక జతచేస్తారు, అది సభ రికార్డులో ఉండిపోతుంది, మధ్యవర్తి ముందు రైతు దాన్ని చూపించుకోవచ్చు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అని జవాబు వస్తే చాలామంది నిరాశపడతారు. నిజానికి అది దొరికిన కొక్కెం. ఆ వాక్యం హామీ కింద లెక్క, మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. అంటే సభ్యుడు మూడు నెలల తర్వాతి తేదీని డైరీలో రాసుకోవాలి. ప్రగతి పత్రాల్లో ఈ రెండో అడుగు ఎప్పుడూ కనిపించదు.

సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ వేరు. ఆ రోజు ఉదయం 10 గంటల లోపు నోటీసు ఇచ్చి, లాటరీలో పేరొస్తే మాట్లాడవచ్చు. వీడియో బాగుంటుంది, సెల్‌ఫోన్లలో ఊరంతా తిరుగుతుంది. మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పాలన్న నిర్బంధం మాత్రం లేదు. 377వ నిబంధన కింద వారానికి ఒక విషయం, 250 మాటల్లో. దాని మీద శాఖ రాసే ఉత్తరం ఎంపీ కార్యాలయానికి చేరుతుంది. చేరి అక్కడే ఆగిపోతుంది. ఆ ఉత్తరాలు అడిగి తీసుకుని ప్రచురించే జిల్లా విలేకరి ఒక్కరుంటే పాఠకుడికి ఎంతో తెలుస్తుంది.

ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు తెచ్చే బిల్లు, పెట్టామని గొప్పగా చెప్పేవాళ్ళ గురించి ఒక్క మాట. శుక్రవారం చివరి రెండున్నర గంటలు వాటికి కేటాయిస్తారు. 1970 తర్వాత అలాంటి బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు.

ఎంపీ నిధుల మీద మీ పత్రికలు అనవసరంగా ఎక్కువ సిరా పోస్తున్నాయి. ఏడాదికి 5 కోట్లు. చిత్తూరు స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, అంటే ఒక్కోదానికి 71 లక్షలు. అందులో 15 శాతం ఎస్సీ ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు పోవాలి. ఎంపీ చేసేది సిఫారసు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ప్రార్థనా స్థలాలకు, సొంత ఆస్తులకు, భూమి కొనడానికి ఆ డబ్బు వాడకూడదు. నిధులు మిగిలిపోయాయంటే ఎంపీ సోమరి అని రాసేముందు స్థలం పంచాయతీ పేరిట ఉందా, ఇంజినీరు అంచనా ఎప్పుడిచ్చాడు అన్నది చూడండి. అంతకన్నా పెద్ద డబ్బు కదిలే చోటు దిశ కమిటీ, జిల్లాలో కేంద్ర పథకాల అమలును సమీక్షించేది. ఎంపీ అధ్యక్షతన, కలెక్టరు సభ్య కార్యదర్శిగా మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఉపాధి హామీ, గ్రామీణ సడక్, తాగునీటి పథకాల లెక్కలన్నీ ఆ బల్ల మీదికొస్తాయి. కూర్చున్నారా, మినిట్స్ ఏవి అని అడగడం ఏ పత్రికకైనా అర పూట పని.

రంగా కాలానికీ ఇప్పటికీ తేడా ఉంది, ఒప్పుకోవాలి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేస్తే సీటే పోవచ్చు. 2020 సెప్టెంబరులో మూడు సాగు చట్టాలు ఏ కమిటీకీ వెళ్ళకుండా నెగ్గాయి, ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంట కూడా లేదు. ఏడాది గడిచాక వాటిని రద్దు చేశారు. ఓటు విషయంలో పల్లె సభ్యుడి చేతులు కట్టేసిన మాట నిజం. రాతపూర్వక ప్రశ్నను మాత్రం ఏ విప్ ఆపదు, ఆ సమావేశాల్లో సైతం రాతపూర్వక జవాబులు వచ్చాయి. పార్టీకి ఇబ్బంది అని ఎంపీలు అడగడం మానేస్తే అది వాళ్ళ జాగ్రత్తే తప్ప చట్టం చెప్పింది కాదు.

చివరిగా మీకే ఒక మనవి. 3ఎ ప్రకటన సారాంశం రెండు స్థానిక పత్రికల్లో రావాలని, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలని చట్టం చెబుతోంది. అది మీలాంటి పత్రికల లోపలి పేజీలోనే చీమ తలకాయంత అక్షరాల్లో వస్తుంది. అభ్యంతరానికి గడువు 21 రోజులు. చాలామంది రైతులు ఆ 21 రోజులు పత్రికలో చూసిన తేదీ నుంచి లెక్కేసి నష్టపోతున్నారు. లెక్క మొదలయ్యేది గెజిట్‌లో ప్రచురించిన రోజు నుంచి. ప్రకటన వేసిన రోజే దాని పక్కన ఊళ్ళ పేర్లు, సర్వే నంబర్లు, గెజిట్ తేదీ, గడువు ముగిసే తేదీ పెద్ద అక్షరాల్లో ఒక వార్తగా వేయండి. చెన్నై ఎడిషన్‌లో కూడా వేయండి, ఆ పట్టాదారుల్లో కొందరు ఇక్కడే ఉంటారు.

ఇట్లు,
చట్టసభల వ్యవహారాలు గమనించే కొందరు తెలుగు పాఠకులు,
మైలాపూరు, చెన్నై