ఇకపై కౌంటర్‌లో వాళ్ల మాటే నా మాట

మా టైలరింగ్ షాపుకు వచ్చే అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. పెత్తరమాస దగ్గరపడుతోంది, బతుకమ్మ బ్లౌజులు రావడం మొదలైంది. ఈ హడావిడిలో పడకముందే షాపులో మారిన సంగతులు మీకు చెప్పాలి. కొన్ని మీకు నచ్చుతాయి, ఒకటి రెండు నచ్చకపోవచ్చు. ఊరికే గోడ మీద కాగితం అంటిస్తే "రేటు పెంచిండ్రు, టైము తగ్గించిండ్రు" అనుకుంటారు కాబట్టి కారణాలతో సహా రాస్తున్నాను.

ముందు అసలు మార్పు. బ్లౌజు ఎప్పటికి ఇవ్వగలం, అర్జంట్ ఆర్డరు పట్టాలా వద్దా, ఆల్టరేషన్‌కు డబ్బులు తీసుకోవాలా, మా వల్ల ఆలస్యమైతే బిల్లులో ఎంత తగ్గించాలి, ఇవన్నీ ఇకపై కౌంటర్‌లో ఉన్నవాళ్లే తేలుస్తారు. 500 రూపాయల దాకా తగ్గించినా, వెనక్కి ఇచ్చినా వాళ్లు నన్ను అడగక్కర్లేదు. నేను లోపలే ఉన్నా "మేడమ్‌ను పిలువు" అంటే లేచి రాను. వచ్చినా వాళ్లు చెప్పిందే చెబుతాను.

మీ మీద విసుగుతో పెట్టిన రూలు కాదిది. "శుక్రవారానికి కాదక్కా, సోమవారం ఇస్తాం" అని కౌంటర్‌లో అమ్మాయి చెప్పాక, అదే కస్టమరు నాకు ఫోన్ చేస్తే, నేను మొహమాటానికి ఒక్కసారి "సరేలే చూద్దాం" అంటే చాలు. ఆ అమ్మాయి మాటకు ఆ రోజుతో విలువ పోతుంది. తర్వాత ఆమెకు నేను ఎన్ని అధికారాలు ఇచ్చానని చెప్పుకున్నా ఉత్తిదే. అధికారం నేనిస్తే సగమే వస్తుంది, మిగతా సగం ఎదురుగా నిలబడ్డ మీరివ్వాలి. మా ఆడపడుచు బ్లౌజు కూడా ఇప్పుడు కౌంటర్ నుంచే లోపలికి వెళుతోంది. ఆమె నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, అది వేరే సంగతి.

రోజుకు ఎన్ని బ్లౌజులు పట్టాలో కుట్టేవాళ్లే కూర్చుని లెక్కేసుకున్నారు. మామూలు లైనింగ్ బ్లౌజులైతే పన్నెండు. ప్రిన్సెస్ కట్, పైపింగ్, వెనక డోరీలు ఉన్నవైతే తగ్గుతాయి. ఆ సంఖ్య గోడ మీద పలక మీద ఉంటుంది, నిండాక మర్నాటికే. ఒక అర్జంట్ అంటే ఎవరో ఒకరు రాత్రి ఎనిమిదిన్నర దాకా మిషన్ మీద ఉండిపోవడం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక వర్ధన్నపేట, ధర్మసాగర్ వైపు నుంచి కూడా హనుమకొండకు పనికి రాగలుగుతున్నారు. ఛార్జీలకు పోయే డబ్బు మిగిలింది, మాకు మంచి చేతులు దొరికాయి. కానీ జీరో టికెట్ ఉంటే సరిపోదు కదా, ఊరికి పోయే బస్సు కూడా ఉండాలి. అందుకే ఏడింటికి మిషన్లు బంద్.

ఇక కటింగ్ సంగతి. మీలో చాలామంది అడుగుతున్నారు, మాస్టర్ ఏడీ అని.

టైలరింగ్ షాపులు తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కుట్టేది, హుక్స్ వేసేది, చేతికుట్టు వేసేది ఎక్కువగా ఆడవాళ్లు. కత్తెర మాత్రం మాస్టరు చేతిలో ఉంటుంది. కూలి ఆయనకే ఎక్కువ, కస్టమరు మాట్లాడేదీ ఆయనతోనే. ఇరవై ఏళ్లు మిషన్ మీద కూర్చున్నా కటింగ్ రాకపోతే ఆమె "కుట్టే ఆమె"గానే ఉండిపోతుంది. రేపు నా షాపు మూతపడినా, వాళ్లాయనకు వేరే ఊరు బదిలీ అయినా, ఇంట్లో సొంతంగా మిషన్ పెట్టుకుందామంటే ధైర్యం చాలదు. అందుకే, నా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఏం చేయగలనని ఆలోచించినప్పుడు జీతం కంటే ముందు కత్తెరే కనిపించింది నాకు.

మా మాస్టరును నేర్పమన్నాను, నేర్పినందుకు వేరే డబ్బులిస్తానన్నాను. కొన్నాళ్లు చూసి వేరే షాపుకు వెళ్లిపోయారు. ఆయన్ని తప్పుపట్టను. చేతిలో ఉన్న విద్యే ఆయన ఆస్తి, దాన్ని పంచమంటే ఎవరికైనా టెన్షనే. నాకు వచ్చిన కటింగ్ నేను నేర్పాను, అంతకు మించిన పనికి బయటి నుంచి ఒక ఆవిడను పిలిపించాం. పాత పేపర్ల మీద గీతలతో మొదలై, కోరా గుడ్డ, లైనింగ్, కాటన్, అన్నీ అయ్యాకే పట్టు. నేర్చుకునే రోజుల్లో కుట్టుకూలి పోతుంది కాబట్టి ఆ గంటలకు విడిగా డబ్బు కట్టాను. "ఫ్రీగా నేర్పుతున్నాం కదా" అనుకుంటే పీసు రేటు మీద బతికే మనిషి ఎందుకు నేర్చుకుంటుంది? ఆ పూట ఆమె ఇంటికి తక్కువ డబ్బుతో పోతుంది కదా.

నేను ఊహించనిది ఒకటి జరిగింది. చంక దగ్గర ముడత ఎందుకు వస్తుందో, భుజం ఎందుకు జారుతుందో కుట్టే చేతికి ముందే తెలుసు. ఇన్నాళ్లూ కటింగ్‌లో అరంగుళం అటూ ఇటూ అయితే ఎవరికీ చెప్పకుండా కుట్టులో సర్దింది వాళ్లే. ఇప్పుడు కత్తెర వాళ్ల చేతికే వచ్చాక ఆ సర్దుబాటు గీతలోనే అయిపోతోంది. ఆల్టరేషన్లు తగ్గాయి.

మొన్న ఒక నారాయణపేట పట్టు బ్లౌజు కట్ చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ముక్క చీరతోనే వచ్చింది, చెడితే బజారులో మళ్లీ దొరకదు. రెండు చేతులకూ అంచు సమానంగా పడాలి. ఆమె ముక్కను మడిచి, అంచుకు అంచు కలిపి గుండుసూదులు గుచ్చింది. చాక్‌తో గీసింది, చెరిపింది, కొలత బ్లౌజు చెయ్యిని దాని మీద పరిచి మళ్లీ గీసింది. మిషన్ మీద ఉన్నామెను పిలిచి "ఒకసారి టేపు పట్టక్కా" అంది. ఇద్దరూ కొలిచాక గాని కత్తెర పెట్టలేదు. పట్టుకు ఇద్దరు కొలవాలనే రూలు నేను పెట్టింది కాదు, వాళ్లే పెట్టుకున్నారు. దీనివల్ల పని మాస్టరు ఉన్నప్పటికన్నా నెమ్మదిగా సాగుతోంది, పట్టు బ్లౌజులకు రెండు రోజులు ఎక్కువ పడుతోంది. దాచడమెందుకు?

అదే వారం ఒక కస్టమరు కటింగ్ బల్ల దగ్గర ఆడమనిషిని చూసి, కవరు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ చీర ఆవిడది, భయం ఆవిడది. భయం ఉన్నవాళ్లు ముందు ఒక కాటన్ బ్లౌజు ఇచ్చి చూడండి, అంతకంటే నేను చెప్పేదేం లేదు. ఒకవేళ మా చేతిలో గుడ్డ చెడితే ఆ ఖరీదు షాపు కడుతుంది. చాలా చోట్ల చేసినట్టు కుట్టిన మనిషి కూలిలో కోత పెట్టం. కోత పడుతుందన్న భయంతో పట్టుకుంటే కత్తెర ఇంకా వణుకుతుంది.

రేటు విషయం. లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి 450 నుంచి 500 చేశాం. ఈ 500 ఎటు పోతుందో మీకు తెలియాలి. కుట్టినవాళ్లకు 190, కటింగ్‌కు 60, హుక్సు, చేతికుట్టుకు 30, లైనింగ్ గుడ్డకూ దారానికీ 80. మిగిలిన 140లో అద్దె, కరెంటు, మిషన్ల రిపేర్లు, ఈఎస్ఐ (పనిచేసేవాళ్ల ఆరోగ్య బీమా), ఆపైన నేను. పెంచిన 50లో 35 నేరుగా కుట్టేవాళ్లకూ కట్ చేసేవాళ్లకూ పోతోంది.

ఈఎస్ఐ అన్నాను కదా. షాపులో పదో మనిషి చేరగానే అది కట్టాలి. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు యజమాని వాటా 3.25 శాతం, పనిచేసేవాళ్ల వాటా 0.75 శాతం. "కాగితం మీద తొమ్మిది మందినే చూపించు మేడమ్, అందరూ అదే చేస్తారు" అని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. మా దగ్గర పెళ్లయి ఏడాది రెండేళ్లయిన అమ్మాయిలు ముగ్గురున్నారు. ఈఎస్ఐ ఉంటే కాన్పుకు 26 వారాలు జీతం వస్తుంది. అది లేక పని మానేసి, మూడేళ్ల తర్వాత మళ్లీ హుక్సు కుట్టడం దగ్గర మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను. నాకు కటింగ్ నేర్చిన మనిషి పోవడం కంటే ఆ 3.25 శాతమే చవక. ఇందులో పుణ్యం ఏం లేదు, లెక్కే.

జీతాలు ఇప్పుడు అందరికీ వాళ్ల సొంత ఖాతాలోనే పడతాయి. "మా ఆయన ఖాతాలో వెయ్యండి" అన్నా వెయ్యం. దీని మీద ఒకరింట్లో గొడవ కూడా అయింది, ఆమె మాత్రం పని మానలేదు. ఇంతకు మించి రాయను, అది ఆమె ఇంటి విషయం.

పెళ్లి ముహూర్తాలు లేని నెలల్లో పీసు రేటు మనిషికి చేతిలో ఏమీ ఉండదు. ఆషాఢం, పుష్యం వస్తే మా వాళ్ల ముఖాలే మారిపోతాయి. ఈసారి నుంచి ఆ నెలల్లో పని ఉన్నా లేకున్నా కనీసం ఇంత అని ఇస్తున్నాను. అది నాకు బరువే. మీరు సాయం చేయొచ్చు: పుష్యంలో ఇచ్చే బ్లౌజులకు 50 రూపాయలు తక్కువ తీసుకుంటాం. మాఘం పెళ్లిళ్లకు ఎలాగూ కుట్టించుకోవాలి కదా, నెల ముందు ఇవ్వండి.

లిజ్జత్ పాపడ్‌లా లాభం పంచొచ్చు కదా అని ఒక లెక్చరర్ మేడమ్ అడిగారు. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన సంస్థ అది. పాపడాలు ఒత్తేవాళ్లే అక్కడ యజమానులు. నేను అంత దూరం పోలేదు. అప్పు నా పేరు మీద ఉంది, షాపు నాది, అలా కాదన్నట్టు నటించను. పెళ్లికూతురి సెట్ల వరకు మాత్రం ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో పదో వంతు ఆ సెట్టు మీద పనిచేసినవాళ్లు పంచుకుంటారు. లెక్కల పుస్తకం బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తిప్పి చూడొచ్చు.

కౌంటర్‌లో కుర్చీ వేశాం. మీరు వచ్చినప్పుడు ఆ అమ్మాయి కూర్చునే మాట్లాడితే మర్యాద లేదనుకోకండి. షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టమే తేవాల్సి వచ్చింది. మా దగ్గర చట్టం దాకా ఎందుకు, ఒక కుర్చీ సరిపోయింది.

ఇంకొకటి, ఇది మగవాళ్లకు. బ్లౌజులు తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాయన కౌంటర్‌లో అమ్మాయి నంబరు తీసుకుని రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టాడు. ఆ ఇంటి ఆర్డర్లు మేం మానేశాం. పది మంది, అంతకు మించి పనిచేసేచోట, ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి, మాకూ ఉంది. బయటి నుంచి వచ్చేవాళ్ల మీద ఫిర్యాదైనా తీసుకుంటుంది. ఫోన్ చేయాలంటే షాపు నంబరుకే, ఉదయం పది నుంచి రాత్రి ఏడు దాకా.

ఇక పండగ టైములు. ఊళ్లో అందరి బతుకమ్మ బ్లౌజులూ కుట్టి, తాము మాత్రం ఆట అయిపోయాక ఇల్లు చేరడం మా వాళ్లకు ఏటా ఉన్నదే. ఈసారి ఎంగిలిపూల రోజు, అంటే పెత్తరమాస నుంచి సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తాం. వెయ్యిస్తంభాల గుడి దగ్గరికి పోయేవాళ్లు పోతారు, సొంతూరు పోయేవాళ్లు పోతారు. అలిగిన బతుకమ్మ నాడు ఆట ఉండదు కాబట్టి ఆ ఒక్కరోజు ఏడింటి దాకా ఉంటాం. చివరి రోజు, సద్దుల నాడు పూర్తి సెలవు. ఇది కూడా వాళ్లు కూర్చుని తేల్చుకున్నదే, నేను అలిగిన బతుకమ్మ సంగతి మర్చిపోతే వాళ్లే గుర్తుచేశారు.

కాబట్టి సద్దులకు కావలసిన బ్లౌజులు పెత్తరమాసకు పది రోజుల ముందే ఇవ్వండి. పట్టు అయితే ఇంకో రెండు రోజుల ముందు. మగ్గం వర్క్ మా దగ్గర చేయం, బయట చేయించుకుని తెస్తే కుట్టి ఇస్తాం. కొలత బ్లౌజు తెచ్చేవాళ్లు దయచేసి ఇప్పుడు పట్టేది తెండి. పెళ్లినాటిది తెచ్చి "అంగుళం వదులు పెట్టు" అంటే ఎన్ని అంగుళాలో కౌంటర్‌లో అమ్మాయి టేపుతో కొలిచే చెబుతుంది, అప్పుడు ఆమె మాటే ఫైనల్.