మీ పూతరేకులు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారం.

వినాయక చవితికి ముందే డబ్బులు పంపి, ఇంకా పార్సెల్ అందనివాళ్లు 38 మంది ఉన్నారు. అందినా రేకులు మెత్తబడి ముద్దయిపోయినవాళ్లు ఇంకో 9 మంది. ఫోన్ చేస్తే మా అత్తగారు ఎత్తి, “కోడలు ఫారిన్ ఎళ్లిందండీ, అక్కడ జ్వరమొచ్చిందండీ” అని పెట్టేసేవారట. దాంతో సగంమంది నేను డబ్బులు ఎగ్గొట్టాననుకున్నారు, మిగతా సగం నేను లేననే అనుకున్నారు. ఉన్నాను. ఆత్రేయపురంలోనే, మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎక్కువ తప్పు నాదే.

మాది పెద్ద దుకాణం కాదని మీకు తెలుసు. రేకులు తీసేవాళ్లు ఆరుగురు, చుట్టేవాళ్లు ముగ్గురు, పైన మా ఆయన, నేను. మా ఊరి పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చిన దగ్గర్నుంచి ఆర్డర్లు పెరిగాయి, పాక మాత్రం పెరగలేదు. వాన కురిస్తే ఒక మూల కారుతుంది, గాలొస్తే పొగంతా చుట్టేవాళ్ల కళ్లలోకి. అందుకని ఈ శ్రావణంలో పాక సగం విప్పి, చుట్టడానికి స్లాబు గది, పొయ్యిలకి కొత్త షెడ్డు మొదలుపెట్టాం. వర్షాకాలంలో ఇల్లు కదపకే అని మా అమ్మ చెప్పింది, పక్కింటి బాబాయిగారు చెప్పారు, ఆఖరికి సిమెంటు కొట్టతను కూడా చెప్పాడు. దసరాకి కొత్త గదిలో పని మొదలుపెట్టాలని నాకు ఒకటే తొందర.

స్లాబు పడింది. దాని మీద వరిమడికి కట్టినట్టు చుట్టూ చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారు. కింద ఇటుకలు నానబెట్టడానికి ఒక తొట్టి, రెండు డ్రమ్ములు. అంతలో గోదారికి వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారు. ఇసుక లారీ రావడం మానేసింది. ఇసుక ఉచితమేగా అంటారు, నిజమే, కానీ రేవులో నీళ్లుంటే ఉచితమైనా ఎవరు తవ్వి తెస్తారు? ప్లాస్టరింగ్ ఆగింది. మేస్త్రి వేరే ఊళ్లో పని ఒప్పుకున్నాడు. తొట్టిలో నీళ్లు అలాగే ఉండిపోయాయి. ఈ తొట్టిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పని ఎలాగూ ఆగింది కదా అని ప్రయాణం పెట్టుకున్నాం. మా ఆడపడుచు కూతురు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. విశాఖ నుంచి నేరుగా విమానం దొరికింది, వీసా కూడా అక్కర్లేకపోయింది. పెళ్లయ్యి పదిహేనేళ్లలో మేమిద్దరం కలిసి వెళ్లిన దూరప్రయాణం తిరుపతే. పిల్ల కోసం రెండు కేజీల పూతరేకులు, ఆవకాయ సర్దుకుని వెళ్లాం. చవితి ఆర్డర్లు కొన్ని మిగిలున్నాయని తెలిసే వెళ్లాను. ఐదు రోజులేగా, వచ్చి పంపేద్దాంలే అనుకున్నాను. అది మొదటి తప్పు.

రెండో రోజు పొద్దున్నే పిల్ల మమ్మల్ని బతు గుహల గుడికి తీసుకెళ్లింది. 140 అడుగుల ఎత్తున బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి, పక్కన రంగురంగుల మెట్లు, మొత్తం 272. మన వాడపల్లి వెంకన్న గుడిలో ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణలు చేసినదాన్ని, ఇవో లెక్కా అనుకుని మొదలుపెట్టాను. వందో మెట్టు దగ్గరనుకుంటా, మోకాళ్లు విరిగిపోతున్నట్టయింది. కళ్ల వెనకాల ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. అక్కడే కూలబడ్డాను. ఒక కోతి వచ్చి నా చేతిలో అరటిపండు లాక్కుపోయినా కదలలేకపోయాను. మా ఆయన ముందు నవ్వారు. నా నుదురు ముట్టుకున్నాక నవ్వు ఆగిపోయింది.

ఆసుపత్రిలో రక్తం తీసి ఎన్ఎస్1 టెస్టు చేస్తే డెంగీ అని తేలింది. అక్కడ డెంగీ కేసు వస్తే 24 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలట, అందుకని ఎక్కడ దిగాం, ఎప్పుడొచ్చాం అని అన్నీ రాసుకున్నారు. నేను ఆ జ్వరంలోనే మలేషియా దోమల్ని తిట్టడం మొదలుపెట్టాను. డాక్టరు తమిళాయన, ఓపికగా విన్నాడు. దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి 4 నుంచి 10 రోజులు పడుతుందమ్మా, మీరొచ్చి రెండు రోజులే అయింది, ఆ దోమ మా ఊరిది కాదు, మీ ఊరిదే అన్నాడు. అప్పుడు నాకు నోరు పడిపోయింది. కళ్లు మూసుకుంటే ఆ తొట్టి కనపడింది.

మూడోరోజుకి జ్వరం తగ్గితే వెళ్లిపోదామన్నాను. డాక్టరు ఒప్పుకోలేదు. డెంగీలో జ్వరం తగ్గే సమయంలోనే అసలు జాగ్రత్త కావాలట. నిజంగానే ఆ రోజే కడుపునొప్పి, వాంతులు. ప్లేట్‌లెట్లు 48 వేలకి పడిపోయాయి. సెలైన్ పెట్టి, పూటపూటా రక్తం తీశారు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేసుకోవద్దన్నారు, రక్తస్రావం అవుతుందని. ఊర్నించి మాత్రం గంటకో ఫోన్, బొప్పాయాకు రసం తాగావా అని. కౌలాలంపూర్ ఆసుపత్రిలో నాకు బొప్పాయాకు ఎవరు దంచి పెడతారండీ!

మేస్త్రి కూడా అప్పుడే మళ్లీ పనిలోకొచ్చాడు. చేతికి సూది ఉంది, ఫోన్ చెవి దగ్గర మా ఆయన పట్టుకున్నారు. “మేడమ్, పొయ్యిల గట్టు ఎంత ఎత్తు కట్టమంటారు?” అన్నాడు. నేను ఏం చెప్పానో నాకే తెలీదు. “మామూలుగా కట్టు” అన్నానట. దాని ఫలితం ఇంకాస్త కిందకెళ్తే తెలుస్తుంది.

ఐదు రోజుల ప్రయాణం పన్నెండు రోజులయింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు. టికెట్ల దగ్గర ఆ డబ్బు మిగిల్చానని మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను. ఆసుపత్రి బిల్లు, మార్చిన టికెట్లు కలిపితే కొత్త గదికని దాచిన టైల్స్ డబ్బు అంతా పోయింది. మీకు ధర పెంచను, కంగారు పడకండి. పొయ్యిల షెడ్డుకి టైల్స్ బదులు నాపరాళ్లు వేస్తున్నాం. పొయ్యి దగ్గర టైలు కంటే అదే నయమని మా రేకుల ఆడవాళ్లు ముందునుంచీ అంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చి కారు దిగగానే లోపలికి వెళ్లలేదు, తొట్టి దగ్గరికి వెళ్లాను. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున ఇటుక ముక్కలు కూడా కనిపిస్తున్నాయి. నా నీడ పడగానే పైనున్న సన్నటి పురుగులు వందల్లో గిలగిలా కొట్టుకుంటూ కిందికి దిగిపోయాయి. మురుగులో పెరిగేవే చెడ్డదోమలని నా నమ్మకం. డెంగీ దోమకి ఇలాంటి తేట నీళ్లే కావాలట, పైగా పగలే కుడుతుందట. మేము రేకులు తీసేదీ, చుట్టేదీ పగలే. ప్రతి శుక్రవారం డ్రైడే అంటూ ఆశా వర్కరు అమ్మాయి వచ్చి నీళ్లు పారబోయండి అక్కా అని చెప్పేది. సరేలే అమ్మా అని టీ ఇచ్చి పంపేదాన్ని.

రేకులు తీసే ఒకావిడ కొడుక్కి కూడా డెంగీ వచ్చింది. వాడు బడి అయ్యాక మా పాకలోనే కూర్చుని చదువుకుంటాడు. రావులపాలెంలో చూపించారు, ఇప్పుడు బాగున్నాడు. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది. తొట్టి, డ్రమ్ములు ఆ రోజే బోర్లించాం. స్లాబు మీద గట్లు పగలగొట్టి నీళ్లు వదిలేశాం. కొందరు మొహమాటపడుతూ అడిగారు కాబట్టి చెప్తున్నా, డెంగీ దోమ కుడితేనే వస్తుంది, తినేవాటి వల్ల రాదు.

ఇక పొయ్యిల సంగతి. మేస్త్రి మామూలుగా అంటే వంటింటి గట్టు అనుకుని నడుం ఎత్తున నిగనిగలాడేలా కట్టాడు. మా ఆడవాళ్లు చూసి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పెద్దావిడ, “నిలబడి రేకు తీయడమేంటమ్మా, దోసెలు పోత్తన్నామా?” అంది. రేకు తీసేది నేల మీద కూర్చునే. కింద కొబ్బరాకుల మంట, పైన బోర్లించిన కుండ. పల్చటి పిండిలో గుడ్డ ముంచి రెండు చేతులతో కుండ మీద ఒక్కసారి పరిచి లాగాలి. చేయి పైకెత్తి లాగితే గుడ్డ సాగి రేకుకి చిల్లు పడుతుంది. రోజుకి కొన్ని వందలసార్లు చేసే పని, భుజాలు ఏమైపోతాయి? ఆ గట్టు మొత్తం పగలగొట్టించాను. మేస్త్రికి కూలీ ఇచ్చాను, చెప్పింది నేనే కదా. నాపరాళ్లకి రావులపాలెం, ఫ్యాన్లకి రాజమండ్రి బండి మీద తిరుగుతున్నాను. మెట్లెక్కితే ఇంకా ఆయాసం. రాళ్ల కొట్టాయన నన్ను చూడగానే కుర్చీ వేసి కొబ్బరిబోండం తెప్పిస్తున్నాడు, బేరం మాత్రం ఆడనివ్వడం లేదు.

ఆ 9 పెట్టెలు మెత్తబడింది ఇందుకే. నేను లేనప్పుడు రేకుల కట్టలు తెచ్చి కొత్త గదిలో పెట్టారు. తడి ఆరని గోడలు, కొత్త ప్లాస్టరింగ్. ఆ చెమ్మంతా రేకు పీల్చేసుకుంది. బెల్లంవి అయితే మరీ ఘోరం, బెల్లమే చెమ్మ లాగుతుంది. గది పూర్తిగా ఆరేదాకా చుట్టడం మా ఇంటి హాల్లోనే. దసరాకి గృహప్రవేశం లేదు.

మెత్తబడినవి అందుకున్న 9 మందికీ కొత్త పెట్టెలు ఈ సోమవారం బయలుదేరతాయి, డబ్బులే కావాలంటే చెప్పండి, ఆ రోజే వేస్తాను. 38 ఆర్డర్లు డబ్బు కట్టిన వరసలోనే వెళ్తాయి, బుధవారానికి అయిపోవాలి. దసరాకి కొత్తగా తీసుకోవడం లేదు. దీపావళికి మాత్రం రోజుకి 20 పెట్టెలు, అంతకుమించి ఒప్పుకోను. బెల్లం నెయ్యివి వానలు తగ్గాకే.

ఇప్పుడు ఫోన్ నేనే ఎత్తుతున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా పడుకోమన్నారు డాక్టరుగారు. ఆ టైములో చేస్తే అత్తగారే ఎత్తుతారు. కోడలు ఫారిన్‌లో ఉందని చెప్పినా నమ్మకండి.