స్థిరమైన లినక్సులో ఈమెయిల్ యాడ్-ఆన్‌ను మార్చవద్దా?

సంపాదకులకు నమస్కారం.

"స్టేబుల్ లినక్సు వేసుకుంటే కొన్నేళ్ల పాటు దాని జోలికి పోనక్కరలేదు" అన్న మాట మన కార్యాలయాల్లో తరచు వినిపిస్తుంది. లినక్సును ప్యాకేజీలతో, అంటే ప్రోగ్రాముల కట్టలతో, కలిపి అందించే డెబియన్ వంటి పంపిణీలకు ఇది చాలావరకు నిజమే. ఒక స్టేబుల్ విడుదల వెలువడ్డాక అందులోని ప్యాకేజీలకు కొత్త వెర్షన్లు ఎక్కించరు, భద్రతా లోపాలకూ తీవ్రమైన దోషాలకూ అవసరమైన మార్పులను పాత వెర్షన్‌లోనే అమరుస్తారు. అయితే ఈమెయిల్ ప్రోగ్రామ్‌కు అదనపు సదుపాయం చేర్చే యాడ్-ఆన్ విషయంలో ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తే భద్రతకే ముప్పు రావచ్చునని నా అభిప్రాయం. డెబియన్ 9లో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ.

2017 జూన్‌లో విడుదలైన ఆ వెర్షన్‌లో థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్‌తో పాటు, ఉత్తరాలను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చే, ఎనిగ్‌మెయిల్ యాడ్-ఆన్ కూడా ఉండేది. థండర్‌బర్డ్ పెద్ద ప్రోగ్రామ్ కావడం వల్ల, దాని భద్రతా సవరణలను ఒక్కొక్కటిగా పాత వెర్షన్‌లోకి తేవడం సాధ్యపడక, డెబియన్ దానికి మినహాయింపు ఇచ్చి 2018లో వచ్చిన 60వ వెర్షన్‌ను స్టేబుల్‌లోకే తీసుకుంది. పాత ఎనిగ్‌మెయిల్ 1.9 దానితో పనిచేయలేదు. చక్రం మార్చి ఇరుసును మరచినట్టయింది.

కొత్త ఎనిగ్‌మెయిల్ 2.0ను తెచ్చి పెడితే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ వెర్షన్ ఎన్‌క్రిప్షన్ పనులకు వాడే ఓపెన్‌పీజీపీ.జేఎస్ అనే జావాస్క్రిప్టు లైబ్రరీని (సిద్ధంగా ఉన్న కోడ్ కట్టను) తనతో మోసుకొచ్చింది. ప్రతి ప్యాకేజీనీ తన దగ్గరున్న పనిముట్లతోనే మూల కోడ్ నుంచి తయారుచేయగలగాలన్నది డెబియన్ నియమం, కాని ఆ లైబ్రరీని తయారుచేయడానికి కావలసిన పనిముట్లు డెబియన్‌లో లేవు. అందుచేత నిర్వాహకులు ఆ లైబ్రరీని తీసివేసి, దాని పనిని గ్నూపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌కు అప్పగించారు. అందుకు కావలసిన సదుపాయాలు స్టేబుల్‌లోని గ్నూపీజీ 2.1.18లో లేవు. అలాగని గ్నూపీజీని మొత్తంగా మార్చడం చిన్న విషయం కాదు, ఎందుకంటే ఈమెయిలుతో ఏ సంబంధమూ లేని ఎన్నో ప్రోగ్రాములు దానిపై ఆధారపడి ఉంటాయి, వ్యవస్థలోకి వచ్చే ప్యాకేజీల డిజిటల్ సంతకాలను సరిచూసే పనిముట్టు కూడా ఆ కుటుంబానిదే. చివరకు అవసరమైన మార్పులను మాత్రమే ఎంచి పాత గ్నూపీజీలో అమర్చారు. శ్రమతో కూడినదైనా, నా దృష్టిలో అదే సరైన మార్గం.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. తల్లి ప్రోగ్రామ్‌కు మినహాయింపు ఇచ్చిన రోజునే దాన్ని అంటిపెట్టుకున్న యాడ్-ఆన్‌కు కూడా ఇచ్చి, రెండింటినీ కలిపి పరీక్షించి, కలిపే విడుదల చేయాలి. అలా చేయకపోతే, సరిపడే యాడ్-ఆన్ వచ్చేలోగా వాడుకరి చేసేదేమిటి? పాత థండర్‌బర్డ్‌కే అంటిపెట్టుకుని భద్రతా సవరణలను వదులుకుంటాడు, లేదా యాడ్-ఆన్‌ను బయటి నుంచి నేరుగా దించుకుంటాడు, అదీ కాకపోతే ఎన్‌క్రిప్షన్ మాటే మానేసి ఉత్తరాలను తెరిచి పంపుతాడు. మూడోది ఎంత సులభమో చెప్పనక్కరలేదు.

ఇది దూరదేశపు సంగతి అనుకోవడానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్సుకు కూడా డెబియనే పునాది. కాబట్టి డెబియన్‌లో తీసుకున్న నిర్ణయాలు మన దేశంలోని కంప్యూటర్లకూ చేరతాయి.

2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78 ఎన్‌క్రిప్షన్‌ను తనలోనే కలుపుకోవడంతో ఎనిగ్‌మెయిల్ అవసరం తీరింది. అయితే ఎన్‌క్రిప్షన్‌కు వాడే తాళంచెవుల (కీల) చోటు కూడా అప్పుడే మారింది. గ్నూపీజీ పెట్టెలో ఉండే వాటిని థండర్‌బర్డ్ ఇప్పుడు తన ప్రొఫైల్ ఫోల్డరులో దాచుకుంటుంది. పాత అలవాటు కొద్దీ గ్నూపీజీ ఫోల్డరును మాత్రమే బ్యాకప్ తీస్తున్నవారు ఒకసారి ఆ ప్రొఫైల్‌ను కూడా చూసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ