బండి నిలబడుద్ది, ఎక్కనివ్వరు: రైల్వే మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే మంత్రి గారికి నమస్కారాలు.

ప్రకాశం పడమటి పల్లెల్లో, దొనకొండకు దగ్గర్లోని ఒక చిన్న స్టేషను నుంచి రాస్తున్నాను. ఊరి పేరు నాలుగు అర్జీల్లో రాశాను, మళ్లీ ఎందుకు లెండి.

మా తాత దొనకొండ లోకో షెడ్డులో ఫైర్‌మన్. సదరన్ మరాఠా కంపెనీ దొరలు నల్లమలలో బొగద తవ్వించి, దొరబావి లోయ మీద వంతెన కట్టించి తెచ్చిన మీటరు గేజీ లైను ఇది. వాళ్లు మా మీద ప్రేమతో వేశారని కాదు గానీ, బండి మాత్రం ఆపేవారు. 1990ల్లో బ్రాడ్‌గేజీ అన్నారు, ఓర్చుకున్నాం. షెడ్డు పోయింది, చిల్లచెట్లు మొలిచాయి, అదీ ఓర్చుకున్నాం.

2020 మార్చిలో కరోనా అని ప్యాసింజరు ఆపారు. బండి తిరిగి వచ్చింది, మా హాల్టు రాలేదు. 10 రూపాయల టికెట్టును 30 చేసి, మళ్లీ 10కి తగ్గించారని పేపర్లో చదివి సంతోషించాం. ఏ బండికి కొనుక్కోవాలో అందులో రాయలేదు.

అన్నిటికంటే మండేది ఇంకోటుంది. ఎదురుబండికి దారివ్వడానికి అదే ప్యాసింజరును మా ఊళ్లోనే పావుగంట నిలబెడతారు. అది హాల్టు కాదట, క్రాసింగట! కిటికీలోంచి బంధువులు చెయ్యి ఊపుతారు, మేమూ ఊపుతాం. కంటి ఆపరేషను చేయించుకున్న మా ఆవిడను గుంటూరు తీసుకెళ్లాలంటే రాత్రే ఆటోకు 300 ఇచ్చి దొనకొండ చేరి బెంచీ మీద పడుకున్నాం. తెల్లారి ఎక్కిన బండి మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. పాలు పొంగిపోతున్నాయేమో చూసొస్తానంది ఆవిడ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదాయం చాలదని ఒక కార్యాలయం నుంచి జవాబొచ్చింది. బండి ఆపకుండా, టికెట్టు అమ్మకుండా ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?

ఇప్పుడు గుంటూరు–గుంతకల్లు 401 కిలోమీటర్లూ రెండో లైను వేస్తున్నారు. మంచిదే. అది పూర్తయితే క్రాసింగులూ ఉండవు, ఆ చెయ్యి ఊపుకోవడమూ పోతుంది. 2014లో దొనకొండే రాజధాని అన్నారు కొందరు. రాజధాని మాకొద్దు సార్, పోనూ రానూ ఒక్కొక్క నిమిషం ఆపండి. ఎటూ నిలబడే బండే కదా, తలుపు దగ్గర మమ్మల్ని ఎక్కనివ్వండి, చాలు.

ఇట్లు,
స్టేషను ఎదురింటివాడు