కంటిన్యువో అంటే తిరిగి తిరిగి వచ్చే బాస్ కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో బరోక్ అనే పాత ఐరోపా సంగీతం మీద వచ్చిన వ్యాసంలో ఒక్క మాట సరిదిద్దాలి. ‘బాసో కంటిన్యువో’ అంటే ఒకే బాస్ (అన్నిటికన్నా కింది స్వరాల) వరుస మళ్లీ మళ్లీ రావడమని రాశారు. అలా తిరిగొచ్చేదాన్ని గ్రౌండ్ బాస్ అంటారు. రెండూ కలిసున్న, పాకెల్‌బెల్ రాసిన ‘కానన్’ అనే రచన అందరికీ తెలిసింది కావడంతో ఈ పొరపాటు తరచూ జరుగుతుంటుంది. మూడు వయొలిన్లకూ కంటిన్యువోకూ రాసిన ఆ రచనలో 8 స్వరాల బాస్ 28 సార్లు వస్తుంది. అది ఆ ఒక్క రచన తీరు.

కంటిన్యువో అంటే రచన పొడుగునా ఆగకుండా నడిచే బాస్, దాని మీద వాద్యకారుడు అప్పటికప్పుడు కట్టే కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. దాదాపు 1600 నుంచి 1750 దాకా ఐరోపాలో అదే రివాజు. తంబూరతో పోల్చడం కూడా కుదరదు. తంబూర శ్రుతి కదలదు, ఈ బాస్ కదులుతూనే ఉంటుంది. సాధారణంగా ఇద్దరు వాయిస్తారు: చెల్లో గానీ బసూన్ గానీ బాస్ వరుసను, హార్ప్సికార్డ్ (పియానోకు ముందు కాలపు కీబోర్డు వాద్యం) గానీ ఆర్గన్ గానీ అదే వరుసను కార్డులతో కలిపి. కాగితం మీద ఉండేది బాస్ స్వరాలూ వాటికి కొన్ని అంకెలూ, అంతే.

కడప, అనంతపురం వైపు చర్చిల్లో క్రిస్మస్‌కి ఈ కాలపు రచనలు పట్టే కీబోర్డు పిల్లలు ఎక్కువగా తప్పేది ఆ అంకెల దగ్గరే. బాస్ స్వరాన్ని 1గా పెట్టుకుని పైకి లెక్కపెట్టాలి. అంకె లేకపోతే 3, 5 ఉన్నట్టే: సి మీద సి, ఇ, జి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). అదే సి దగ్గర 6 ఉంటే సి, ఇ, ఎ. అందులో జి ఉండదు. సినిమా పాటల కార్డు షీట్లకు అలవాటు పడ్డవాళ్లు దాన్ని ‘సి సిక్స్’ అనుకుని జి కూడా నొక్కేస్తారు. జి, ఎ పక్కపక్కన మోగి రచయిత అడగని అపశ్రుతి వినిపిస్తుంది. అంకె ఏదీ లేకుండా, స్వరాన్ని అర మెట్టు పెంచే షార్ప్ గుర్తు ఒక్కటే ఉంటే అది మూడో స్వరానికి. జి మీద 4, 3 వరుసగా ఉంటే ముందు జి, సి, డి. తర్వాత ఆ సి బికి దిగుతుంది. ఆ సి ముందు కార్డు నుంచే పట్టుకుని రావాలి, అప్పటికప్పుడు దూకి అందుకుంటే పొసగదు.

ఎడమ చేతికి బాస్ ఒక్కటే, కుడి చేతికి మూడు స్వరాలు చాలు. బాస్ సి నుంచి డికి ఒక మెట్టు ఎక్కితే కుడి చెయ్యి ఇ-జి-సి నుంచి డి-ఎఫ్-ఎ కి కిందికి రావాలి. చేతిని అలాగే పైకి జరిపితే అయిదో స్వరమూ ఎనిమిదో స్వరమూ బాస్‌కు జంటగా నడుస్తాయి. ఆ కాలపు పద్ధతిలో అది తప్పు. బాస్‌లో గబగబా నడిచే ప్రతి చిన్న స్వరానికీ కార్డు పెట్టనక్కర్లేదు. ‘టాస్టో సోలో’ అని ఉన్నచోట కుడి చెయ్యి పూర్తిగా ఎత్తేయాలి.

ఇక అసలు చిక్కు ఆటో అకంపనిమెంట్, అంటే నొక్కిన కార్డును బట్టి కీబోర్డే బాసూ తాళమూ (‘స్టైల్’) వాయించేయడం. స్టైల్ ఆన్‌లో ఉంచి సి-ఇ-ఎ నొక్కితే మామూలు మోడ్‌లో కీబోర్డు దాన్ని ఎ మైనర్‌గా గుర్తుపట్టి బాస్‌లో ఎ మోగిస్తుంది. రాసిన సి పోతుంది. అంటే కంటిన్యువోలో కదపకూడని ఒకే ఒక్కదాన్ని మిషన్ మార్చేసిందన్నమాట! స్టైల్, రిథమ్ ఆపేసి, సస్టెయిన్ పెడల్ పక్కన పెట్టి, హార్ప్సికార్డ్ టోన్ పెట్టుకోవాలి. హార్ప్సికార్డ్‌లో మీట గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా పెరగదు. గట్టిగా వినిపించాలంటే కార్డులో స్వరాలు పెంచాలి, తగ్గాలంటే తీసేయాలి. చెల్లో దొరక్కపోతే బాస్ వరుసను బాస్ గిటార్‌తో కలిపి వాయించినా నడుస్తుంది. పాత వాద్యాలతో చేసిన రికార్డింగులు చాలావాటిలో ఎ స్వరం 415 హెర్ట్జ్ దగ్గర, అంటే ఇప్పటి ఎ కన్నా దాదాపు అర మెట్టు కింద ఉంటుంది కాబట్టి, వాటితో సాధన చేసేవాళ్లు ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 1కి పెట్టుకోవాలి.

సవరణ వేసేటప్పుడు అంకెలున్న బాస్ వరుస రెండు గీతల మేరకైనా పక్కన అచ్చు వేయమని మనవి.

— ఒక కీబోర్డు ఉపాధ్యాయుడు, కడప