కంబళి వదిలి వెళ్లిన తాతకు

గజపతినగరం వైపు మంద తోలుకుపోతూ, వానలో మా పాక దగ్గర ఆగిన గొర్రెల కాపరి తాతకు దండం. పేరైనా అడగలేదు.

సంతలో కోతకు పోకుండా తెచ్చుకున్న ముసలి గొర్రె పక్కకి పడి లేవలేకపోతోంది. తల పైకెత్తి నీళ్లు పట్టబోతే తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "అలాగొద్దు బాబూ, ఊపిరితిత్తుల్లోకి పోతాది." పక్కవాటుగా పడిపోయిన గొర్రెకు తేన్పు రాదు. గాలి లోపలే నిండి, పొట్ట ఉబ్బి, ఊపిరాడక చచ్చిపోతుంది. తాత దాన్ని రొమ్ము మీద కూర్చోబెట్టి, కాళ్లు కిందికి మడిచి, రెండు పక్కలా గడ్డి కుక్కిన గోనెసంచులు ఆనించాడు. కాసేపటికి పుల్లటి వాసనతో పెద్ద తేన్పు. అంత మంచి వాసన ఇంకోటి లేదు!

కింది పెదవి తెరిచి చూపించాడు: ఎనిమిది ముందుపళ్లలో రెండే మిగిలాయి. (పైన ముందుపళ్లు గొర్రెకు ఎలాగూ ఉండవు.) ఎండుగడ్డి కొరకలేదు కాబట్టి లేతగడ్డి సన్నగా తరిగి పెట్టాలి. మెత్తగా ఉడికిన ఉలవలు గుప్పెడు, తడిపిన తవుడు కొంచెం. జాలిపడి గింజ ఎక్కువ పెడితే కడుపు పులిసి అదే ప్రాణం తీస్తుంది.

వెళ్తూ తన కంబళి దానిమీద కప్పేసి, తడుస్తూనే పోయాడు.

గొర్రె ఇంకో పదకొండు రోజులు బతికింది. పోయాక, పాకలోని మిగతా జీవాలు దాని వాసన చూసి పక్కకి జరిగేదాకా ఉంచి, నూతికి దూరంగా లోతుగా పాతిపెట్టాం. కంబళి ఉతికి ఆరేశాం తాతా, పాకలోనే ఉంది.